వాన జల్లుకు తడిసే గోడలు: రబ్బరు షీటా, ద్రవ రబ్బరా, సాగే పూతా?

ఇంటి కప్పు కారితే ఏం చేయాలో ఉత్తరాంధ్రలో అందరికీ ఎంతో కొంత తెలుసు. గోడ తడిసినప్పుడే ఎటూ తోచదు. తుపాను వెళ్లిన రెండు మూడు రోజులకు కిటికీ పక్కన గోధుమరంగు మరక దిగుతుంది. ఆ తర్వాత లప్పం ఉబ్బుతుంది. సంక్రాంతికి వేయించిన రంగు దసరా దాటేసరికి పెచ్చులుగా రాలుతుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్. ఇన్ని చూసిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోడను కూడా కప్పంత శ్రద్ధగా కాపాడుకోక తప్పదు.

దుకాణంలో అడిగితే ఒకరు రబ్బరు షీటు అంటారు, ఒకరు రబ్బరు పెయింటు అంటారు, మరొకరు సిమెంటులో కలిపే పాల లాంటి ద్రవం చేతిలో పెడతారు. అన్నిటికీ పేరు వాటర్‌ప్రూఫింగే. పనిచేసే తీరు మాత్రం దేనిది దానిదే. నా అభిప్రాయం ముందే చెబుతాను: రబ్బరు చాలా మంచి పదార్థం, కానీ దాని చోటు గోడంతా కాదు. గోడ కదిలే చోట, రెండు వేర్వేరు పదార్థాలు కలిసే చోట రబ్బరు పెట్టాలి. మిగిలిన విశాలమైన గోడకు ఆవిరిని బయటికి పోనిచ్చే సాగే పూత చాలు. ఎందుకో, ఎవరికి ఈ మాట వర్తించదో వివరంగా చూద్దాం.

## ముందు నీరు వచ్చే దారి తేల్చుకోండి

తడి నేల నుంచి పైకి ఎక్కి సుమారు మీటరు ఎత్తులో ఆగిపోతే అది పునాది నుంచి లాగిన చెమ్మ. దానికి బయటి గోడ మీద ఏ రబ్బరు వేసినా ప్రయోజనం లేదు. పైగా ఆరే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. ఎండాకాలంలో కూడా ఒకే చోట తడి ఉంటే స్నానాల గది గొట్టాన్ని అనుమానించండి. మరక శ్లాబు కింద నుంచి మొదలై కిందికి దిగుతుంటే చాలాసార్లు పిట్టగోడ తల మీదా, పిట్టగోడ డాబాను కలిసే మూలలోనూ తప్పు ఉంటుంది. వాన జల్లు కొట్టిన రోజునో మర్నాడో మాత్రమే తడి కనిపించి, తర్వాత మెల్లగా ఆరితే, అప్పుడే ఈ వ్యాసంలోని ఎంపికలు మీకు పనికొస్తాయి.

పగుళ్లను కూడా విడదీసి చూడాలి. ప్లాస్టరు మీద వెంట్రుకంత సన్నని గీతలు ఒక రకం. బీమూ ఇటుక గోడా కలిసే చోట అడ్డంగా వచ్చే గీత మరో రకం. అది ఎండకూ చలికీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. స్తంభం వెంబడి నిలువుగా వచ్చి, తుప్పు రంగు కారుతున్న పగులు ఈ రెండిటికీ చెందదు. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును చీలుస్తోందని దాని అర్థం. బారువ, కళింగపట్నం, భావనపాడు లాంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలి వల్ల ఇది సాధారణం. పూత వేసి దాన్ని దాచకండి. చెడిన కాంక్రీటు తీసి, ఇనుము శుభ్రం చేయించి, ఆ తర్వాతే పూత సంగతి చూడండి. వాలుగా పెరుగుతున్న వెడల్పాటి పగులుకూ ముందు ఇంజినీరు కావాలి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

గాలి ఒత్తిడి. గాలి భారం లెక్కకు ఇంజినీర్లు వాడే సూత్రం సులువైనదే. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో తెలుస్తుంది. గంటకు 144 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 40 మీటర్లు. ఒత్తిడి 960 న్యూటన్లు. అది దాదాపు 10 సెంటీమీటర్ల లోతు నీరు కలిగించే ఒత్తిడికి సమానం. డాబా మీద రెండు సెంటీమీటర్ల నీరు నిలిస్తేనే కంగారు పడతాం. తుపాను రాత్రి గోడలోని ప్రతి పగులు మీదా దానికి అయిదు రెట్ల ఒత్తిడి గంటల తరబడి ఉంటుంది. కిటికీ చట్రం పక్కన ఉన్న చిన్న సందులో నీరు పైకి కూడా ఎక్కుతుంది. మామూలు వానకు కారని గోడ తుపానుకు కారడానికి కారణం ఇదే.

గాలి దిక్కు. తూర్పు గోడ ఒక్కటీ చేయిస్తే చాలని చాలామంది అనుకుంటారు. మన తీరంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను మీ ఊరికి దక్షిణంగా తీరం దాటితే గాలి సముద్రం వైపు నుంచి కొడుతుంది. ఉత్తరంగా దాటితే భూమి వైపు నుంచి, అంటే పడమర, వాయవ్య దిక్కుల నుంచి వస్తుంది. విశాఖపట్నం దగ్గర దాటిన హుద్‌హుద్‌కు విజయనగరం ఉత్తరాన ఉంది. పలాస వైపు దాటిన తిత్లీకి శ్రీకాకుళం పట్టణం దక్షిణాన ఉంది. డబ్బు తక్కువగా ఉంటే ఒక గోడ మొత్తం చేయించడం కంటే నాలుగు గోడల్లోని కిటికీలు, బీము గీతలు, పిట్టగోడ తలలు చేయించడం మేలు.

ఆవిరి. గోడలోకి కాస్త తేమ ఎలాగైనా చేరుతుంది. అది బయటికి పోయే దారి ఉండాలి. బయట ఆవిరి దాటని రబ్బరు, లోపల లప్పం మీద ప్లాస్టిక్ పెయింటు ఉంటే ఇటుక మధ్యలో తేమ చిక్కుకుంటుంది. ఎండ పడగానే అది ఆవిరై పూతను బుడగలుగా లేపుతుంది.

మిగిలినవి ఎండను తట్టుకోవడం, మీ ఊళ్లో ఆ పని సరిగ్గా చేయగల మనిషి దొరకడం, చెడినప్పుడు చిన్న ముక్క వరకే బాగు చేసుకోగలగడం. మూడోదాన్ని ఎవరూ అడగరు. రేపు ఏసీ గొట్టానికి గోడలో కన్నం వేయిస్తారు. ఆ కన్నం చుట్టూ మళ్లీ ఎలా మూయాలన్నది ఈరోజే అడగాలి.

## ఈపీడీఎం రబ్బరు షీటు

ఇది కార్ఖానాలో తయారై చుట్టలుగా వచ్చే నల్ల రబ్బరు. సాధారణంగా 1.2 లేదా 1.5 మిల్లీమీటర్ల మందం. ఎండనూ ఓజోనునూ తట్టుకోవడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. చదునైన కప్పుల మీద మూడు దశాబ్దాలు నిలిచిన షీట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. తన పొడవుకు మూడింతలు సాగినా తెగదు. మందం కార్ఖానాలోనే ఖాయమవుతుంది కాబట్టి పనివాడి చేతి నేర్పు మీద ఆధారపడదు. ద్రవ పూతలకు లేని పెద్ద బలం ఇది.

మరి గోడంతా ఎందుకు వేయకూడదు? మొదటి కారణం జిగురు. కప్పు మీద షీటు తన బరువుతో తాను కూర్చుంటుంది. గోడ మీద నిలవాలంటే జిగురే ఆధారం, ఆ జిగురు పట్టుకునేది మీ ప్లాస్టరు పై పొరను. సున్నం, సిమెంటు రంగు పొడిగా రాలే గోడ మీద షీటు ఎంత గొప్పదైనా ఆ పొడి పట్టినంతే పట్టుకుంటుంది. తుపాను గాలి గోడ మీదికి నెట్టడమే కాదు, మూలల దగ్గర బయటికి లాగుతుంది కూడా. ఒక అంచు లేస్తే గాలి లోపల దూరి పొడవునా ఒలిచేస్తుంది. రెండోది అతుకు. ఈ రబ్బరు వేడికి కరిగి అతుక్కోదు. ప్రత్యేకమైన టేపుతోనే కలపాలి. మన ప్రాంతంలో తారు షీటును మంటతో అతికించే పని తెలిసినవారు దొరుకుతారు, ఆ నేర్పు ఇక్కడ పనికిరాదు. మూడోది, ఇది ఆవిరిని దాదాపు దాటనివ్వదు. నల్లని గోడను ఎవరూ ఇష్టపడరు కూడా, రంగు దీనిమీద సరిగ్గా పట్టదు. వంటగది ఎగ్జాస్టు ఫ్యాను నూనె ఆవిరి తగిలే చోట మెత్తబడి ఉబ్బుతుంది. తారుకు ఆనుకున్నా అంతే.

అదే షీటును పట్టీలుగా కోసి వాడితే ఈ లోపాలు చాలావరకు పోతాయి, బలాలు మిగులుతాయి. ఎక్కడెక్కడ వాడాలో చెబుతాను.

కొత్త ఇంట్లో కిటికీ చట్రం బిగించేటప్పుడు చట్రానికీ గోడకూ మధ్య చుట్టూ పట్టీ అతికించి, దాని మీద ప్లాస్టరు గానీ రాతి అంచు గానీ రావాలి. కిటికీ కింది పట్టీ ముందు, పక్కలవి దాని మీదికి, పైది అన్నిటి మీదికి. ఈ వరుస తప్పితే పట్టీయే నీటికి లోపలికి దారి చూపుతుంది.

రెండు ఇళ్ల మధ్య సందు దీనికి అన్నిటికంటే తగిన చోటు. శ్రీకాకుళం, విజయనగరం పాత వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఆ గోడలకు బయటి వైపు ప్లాస్టరే ఉండదు, పరంజా కట్టే జాగా కూడా ఉండదు. రెండు ఇళ్లు వేర్వేరు పునాదుల మీద వేర్వేరుగా కదులుతాయి కాబట్టి మధ్యలో సిమెంటు నింపితే ఏడాదిలో చీలుతుంది. పైనుంచి వెడల్పాటి రబ్బరు పట్టీని కాస్త వదులుగా వేసి, ఎత్తుగా ఉన్న గోడ వైపు అల్యూమినియం పట్టీతో బిగించి, దాని పై అంచును సీలెంటుతో, అంటే సందులు మూసే సాగే ముద్దతో, మూస్తే ఆ కదలికను రబ్బరు భరిస్తుంది. తీరానికి దగ్గరైతే మరలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. పొరుగింటివారితో మాట్లాడి ఇద్దరూ ఖర్చు పంచుకోవడం న్యాయం, ఎందుకంటే తడిసేవి రెండు గోడలు.

మూడో చోటు, జాతీయ రహదారి వెంట వస్తున్న దుకాణాల ముందు భాగం. ఏసీపీ షీట్లు, అంటే ప్లాస్టిక్ పొరకు రెండు వైపులా అల్యూమినియం రేకు అంటించిన పలకలు, బిగించాక వెనక గోడ కనపడదని దాన్ని అలాగే వదిలేస్తారు. షీట్ల మధ్య సీలెంటు చీలిన రోజు నీరంతా ఆ గోడకే. ఏసీపీ బిగించక ముందే వెనక గోడకు రబ్బరు పొర వేయించండి; ఎండ తగలదు, రంగు గొడవ లేదు. రబ్బరు మండే పదార్థమని మరవకండి. అంతస్తులు ఎక్కువైతే అగ్నిభద్రత తెలిసిన ఇంజినీరును అడగకుండా ముందుకు పోవద్దు.

## పాలీయురేథేన్ ద్రవ రబ్బరు

బ్రష్షుతోనో రోలరుతోనో పూస్తే ఎండి అతుకులు లేని రబ్బరు పొర అవుతుంది. పిట్టగోడ తల, సన్‌షేడు పై భాగం, గొట్టాలు గోడలోకి దూరే చోట్లు, అంటే షీటు కోసి అతికించలేని వంకర జాగాలకు దీనికి మించింది లేదు. 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం వచ్చేలా వేయాలి. తడి గోడ మీద వేస్తే బుడగలు ఖాయం. చౌక రకాలు ఎండకు పసుపెక్కి పొడి రాలుతాయి. వాటి మీద ఎండను తట్టుకునే మరో పూత తప్పనిసరి. గోడంతా దీనితో వేయించవచ్చు, కానీ ఖర్చు ఎక్కువ, ఆవిరికి దారి తక్కువ.

## సాగే అక్రిలిక్ పూత

రబ్బరు పెయింటు పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేది ఇదే. నీటితో పలచబడుతుంది, ఆవిరిని కొంత పోనిస్తుంది, రంగుల్లో దొరుకుతుంది, మామూలు పెయింటరు వేయగలడు. ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టరు ఉన్న ఇంటికి నా మొదటి ఎంపిక ఇదే. అయితే దీనిలోనే మోసపోయే అవకాశం కూడా ఎక్కువ. మోసమంతా మందంలోనే ఉంది.

లెక్క ఎవరైనా చేసుకోగలిగినదే. చదరపు మీటరు మీద ఒక లీటరు పరిస్తే తడి పొర ఒక మిల్లీమీటరు. అందులో సగం ఆవిరైపోయే రకమైతే ఎండిన పొర అర మిల్లీమీటరు. ఇప్పుడు 1000 చదరపు అడుగుల గోడ తీసుకోండి. అది 93 చదరపు మీటర్లు. దానికి 20 లీటర్ల బకెట్టు ఒక్కటి వాడితే ఎండిన పొర 0.1 మిల్లీమీటరు. అది పెయింటే, వాటర్‌ప్రూఫింగు కాదు. 0.3 మిల్లీమీటర్లు రావాలంటే దాదాపు మూడు బకెట్లు కావాలి. పెయింటరు తక్కువ బకెట్లతో ముగిస్తానంటే మీకు మిగిలేది డబ్బు కాదు, వచ్చే తుపానుకు మళ్లీ తడి.

డబ్బా మీద రాసిన సాగే శాతాన్ని చూసి కూడా నిశ్చింతగా ఉండకండి. పూత గోడకు అంతటా అంటుకుని ఉంటుంది. కింద పగులు తెరుచుకున్నప్పుడు సాగేది ఆ పగులు నోటి మీద ఉన్న కాస్త భాగమే. అర మిల్లీమీటరు తెరుచుకున్నా ఆ కొంచెం చోట పూత ఎన్నో రెట్లు సాగాలి. పలచగా ఉంటే తెగుతుంది. అందుకే కదిలే పగుళ్ల మీద, ముఖ్యంగా బీము గీతల మీద, ముందు పగులును వి ఆకారంలో తవ్వి, పాలిమరు కలిపిన మిశ్రమం నింపి, దాని మీద సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు ఫైబరు వల పట్టీని పూత మధ్యలో కూర్చోబెట్టాలి. కొత్తగా కట్టేవారు ప్లాస్టరు చేసేటప్పుడే బీము, ఇటుక కలిసే చోట వల కొట్టిస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది.

ఐదారేళ్లకు ఒకసారి కడిగి మరో పూత వేయాల్సి వస్తుందని ముందే మనసులో పెట్టుకోండి. నీడ పడే ఉత్తరపు గోడల మీద నాచు పడుతుంది, కాబట్టి శిలీంధ్ర నిరోధకం కలిసిన రకమే అడగండి.

## మిగిలినవి, క్లుప్తంగా

పాలిమరు సిమెంటు పూత, అంటే పొడీ ద్రవమూ కలిపి వేసేది, తడి గోడకు కూడా బాగా పట్టుకుంటుంది, ఆవిరిని పోనిస్తుంది, సాగడం తక్కువ. సాగే పూత కింద మొదటి పొరగానూ, సందు గోడల ఇటుక మీద నేరుగానూ బాగుంటుంది. సైలేన్-సిలాక్సేన్ ద్రవం గోడలోకి ఇంకి నీటిని పట్టనివ్వకుండా చేస్తుంది. రూపం మారదు కాబట్టి బయటికి కనిపించే ఇటుకకూ, టెక్కలి గ్రానైటు లాంటి రాతి ముఖానికీ తగినది. పగుళ్లను మాత్రం మూయదు. తారు షీటు, తారు పూతలు నేల కింద పునాది గోడలకే. ఎండ పడే గోడ మీద వద్దు.

| రకం | పగులు కదలిక | ఆవిరికి దారి | ఎండ | పనితనం | తగిన చోటు |
|---|---|---|---|---|---|
| ఈపీడీఎం షీటు | చాలా బాగా భరిస్తుంది | దాదాపు లేదు | చాలా బాగా తట్టుకుంటుంది | నేర్పు కావాలి | పట్టీలుగా కిటికీలు, సందులు. ఏసీపీ వెనక |
| పాలీయురేథేన్ | బాగా భరిస్తుంది | తక్కువ | పై పూత కావాలి | పొడి గోడ, శ్రద్ధ కావాలి | పిట్టగోడ తల, సన్‌షేడు, గొట్టాల చుట్టూ |
| సాగే అక్రిలిక్ | మందం, వల ఉంటే బాగు | ఉంటుంది | బాగు | పెయింటరు చేయగలడు | మొత్తం గోడ |
| పాలిమరు సిమెంటు | కొంచెమే | బాగా ఉంటుంది | బాగు | మేస్త్రి చేయగలడు | అడుగు పొర, సందు గోడ |
| సైలేన్-సిలాక్సేన్ | లేదు | పూర్తిగా ఉంటుంది | బాగు | సులువు | ఇటుక, రాతి ముఖం |

## మీ ఇల్లు ఏ రకం?

పదిహేను ఇరవై ఏళ్ల డాబా, సన్నని పగుళ్లు, జల్లుకు తడి. పొడి రాలే పాత రంగు గీకించి, పగుళ్లు నింపి, బీము గీతలకు వల వేసి, సాగే అక్రిలిక్. కిటికీ చట్రాల చుట్టూ సీలెంటు. సందులో ముందు ఫోము తాడు దూర్చి, దాని మీద వెడల్పులో సగం లోతుగా సీలెంటు నింపితే అది రెండు పక్కలా మాత్రమే అంటుకుని హాయిగా సాగుతుంది. సిలికాను సీలెంటు మీద పెయింటు నిలవదు కాబట్టి రంగు వేసే చోట్లకు పెయింటు పట్టే రకం అడగండి.

ఇప్పుడే కడుతున్న ఇల్లు. రబ్బరు పట్టీలకు ఇదే అదను. తర్వాత గోడ పగలగొట్టకుండా ఇవి వేయలేరు. సన్‌షేడు కింది అంచున నీరు తెగి పడేలా గాడి, పిట్టగోడ తల డాబా వైపు వాలు ఉండేలా చూసుకోండి. ఏ రసాయనం కొనకుండానే సగం పని ఇక్కడే అయిపోతుంది.

సోంపేట, కవిటి, పూసపాటిరేగ తీర గ్రామాల ఇళ్లు. ఇక్కడ పూత పని నీటిని ఆపడమే కాదు, ఉప్పు లోపలి ఇనుమును చేరకుండా ఆపడం కూడా. స్తంభాలు, బీములు, సన్‌షేడుల మీద పాలీయురేథేన్‌కు డబ్బు పెట్టడం తగినదే. పూత వేసే ముందు గోడను మంచినీటితో కడిగి ఆరనివ్వాలి. ఉప్పు మీద ఏదీ నిలవదు. జల్లు గోడకు రేకులు కొట్టించడం కొందరి అలవాటు. తుపాను గాలికి ఎగిరిన రేకు ప్రాణాంతకం, ఆ దారి వద్దు.

నాలుగైదు అంతస్తుల అపార్టుమెంటు. పరంజా ఖర్చే పెద్దది. ఒకసారి కట్టాక ఒక ఫ్లాటు గోడ మాత్రమే చేయించడం వృథా. సంఘం అంతా కలిసి ఒకేసారి చేయించాలి, మూడో అంతస్తులో నీరు దూరి రెండో అంతస్తులో కారడం మామూలే కాబట్టి.

విజయనగరం కోట పరిసరాల్లాంటి చోట సున్నపు గారతో కట్టిన పాత ఇళ్లు. దయచేసి ఏ రబ్బరూ వేయకండి. ఆ గోడలు తడిని పీల్చి మళ్లీ వదిలేస్తూ ఇన్నేళ్లు నిలిచాయి. పైన ముసుగు వేస్తే గార లోపలే మెత్తబడుతుంది. చెడిన చోట సున్నపు గారతోనే బాగు చేయించి, సున్నమే కొట్టించండి.

## పని అప్పగించే ముందు

కాలం ముఖ్యం. సంక్రాంతి నుంచి ఉగాది దాకా పొడి వాతావరణం. అదే మంచి సమయం. మే నెల మధ్యాహ్నపు గోడ మీద పూత పట్టుకోకముందే ఎండిపోతుంది. కొత్త ప్లాస్టరైతే కనీసం 28 రోజులు ఆగాలి. గోడ నిజంగా ఆరిందో లేదో తెలుసుకోవడానికి అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అతికించి రాత్రంతా, సుమారు 16 గంటలు, ఉంచండి. లోపలి వైపు చెమ్మ పడితే పని వాయిదా వేయండి.

ఒప్పందంలో పూతల సంఖ్య రాయించుకోవడం చాలదు. చదరపు మీటరుకు ఎన్ని లీటర్లు లేదా కిలోలు అన్నది రాయించుకుని, బకెట్లు మీ ముందే తెరిపించండి, ఖాళీవి పని అయ్యేదాకా ఇంట్లోనే ఉంచమనండి. హామీ పత్రంలో తుపాను మినహాయింపు ఉందేమో చదవండి. ఉంటే మన జిల్లాల్లో ఆ కాగితం విలువ చాలా తగ్గిపోతుంది. పని ముగిశాక చివరి వాయిదా డబ్బు ఇచ్చే ముందు గొట్టంతో నీరు కొట్టి చూడండి. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరుస మీద కొంతసేపు ఆగి, పైకి పోవాలి. పై నుంచి మొదలుపెడితే నీరు గోడంతా జారుతుంది, లోపల తడి కనిపించినా అది ఏ సందులోంచి వచ్చిందో తేలదు. ఇంకొకరు లోపల టార్చితో కిటికీ మూలలు చూస్తూ ఉండాలి.